ఐదో రాయి దగ్గర చాదు చుక్క

మధ్యాహ్నం రెండున్నరకి కప్పు పోయింది.

వెండి కప్పు. రెండు చెవులు. మూత మీద పరిగెడుతున్న ఆడపిల్ల బొమ్మ. చోడవరంలో ఒక హైస్కూలు గ్రౌండు. స్టేజి మీద బల్ల వేసి, పొద్దుటి నుంచీ ఊరందరికీ కనబడేలా పెట్టారు. మైకువాడు వైరు సర్దడానికి స్టేజి ఎక్కి చూస్తే బల్ల ఉంది. కప్పు లేదు.

సాయంత్రం ఐదున్నరకి ఆర్డీవో గారు వచ్చి ఆ కప్పు ఇవ్వాలి.

ఎస్.ఐ. అనంతపద్మనాభం మూడుంబావుకి జీపు దిగాడు. దిగుతూనే మొహం చిట్లించాడు. ఫిబ్రవరి నెల. చెరుకు క్రషింగు జోరు మీదుంది. ఊరంతా మొలాసిస్ కంపు. ఈ ఊరికి బదిలీ అయి ఎనిమిది నెలలైనా ఆ కంపు అతనికి అలవాటు కాలేదు. ఊళ్ళో పెద్దమనుషులూ అలవాటు కాలేదు.

అందరికన్నా పెద్దమనిషి ఎదురొచ్చాడు. ప్లీడరు వేంకటరమణమూర్తి. రోడ్డు రేసు కమిటీ సెక్రటరీ. ఇస్త్రీ పంచె, కండువా, ఎప్పుడూ చెదరని చిరునవ్వు.

"మీకేం శ్రమ లేదు ఎస్సైగారూ. దొంగని మేమే పట్టుకుని మీ స్టేషన్‌కి పంపించాం."

"ఎవరు?"

"ఏడో నెంబరు పిల్ల. సన్యాసమ్మ. చీడికాడ."

"కప్పు ఆమె దగ్గర దొరికిందా?"

"లేదు. మూట మూడుసార్లు విప్పించాం."

"తీస్తుంటే చూసినవాళ్ళున్నారా?"

"లేరు."

"మరి దొంగెలా అయింది?"

మూర్తి చిరునవ్వు ఇంకొంచెం సాగింది. "పొద్దుట ఆ కప్పు నాదే అని గ్రౌండు అదిరిపోయేలా అరిచింది. మోసం చేసి దొరికిపోయిన పిల్ల. దొంగతనం చెయ్యదా?"

అనంతపద్మనాభానికి ఒళ్ళు మండింది. కాని అడగవలసింది అడిగాడు.

"ఏం మోసం?"

మూర్తి కోర్టులో చెప్పినట్టు చెప్పాడు. ఏటా జరిగే రేసు. ఆడపిల్లలకి పెట్టడం ఇది మూడో ఏడు. ఈ గ్రౌండు నుంచి వడ్డాది రోడ్డు మీద ఐదో కిలోమీటరు రాయి దాకా పోవాలి, మళ్ళీ ఇక్కడికి రావాలి. రోడ్డుకి రెండు పక్కలా చెరుకు తోటలు. రాయి దాకా పోకుండా తోటలో దూరి, కాసేపు కూచుని వెనక్కి వస్తే ఎవరికీ తెలీదు. అందుకని రాయి దగ్గర ఒక గుర్తు వేస్తారు.

"మగవాళ్ళకైతే చేతి మీద రబ్బరు స్టాంపు కొడతాం. ఆడపిల్లల చెయ్యి పట్టుకుని స్టాంపు కొట్టలేం కదా? పోయినేడు రిబ్బన్లు కట్టించాం. మార్చుకున్నారని గొడవొచ్చింది."

"గొడవ ఎవరు పెట్టారు?"

"నేనే. అందుకని ఈ ఏడు బొట్టు పెట్టించాం. రాయి దగ్గరే సూర్యకాంతమ్మగారిల్లు. పెద్ద ముత్తైదువ. వచ్చిన పిల్లకి వచ్చినట్టు చాదుబొట్టు పెట్టి పంపిస్తుంది. రేసుకి రేసూ, సంప్రదాయానికి సంప్రదాయమూ."

"ఈ బొట్టు ఆలోచన?"

"అదీ నాదే." మూర్తి గర్వంగా చెప్పాడు. "ఆడపిల్లలు పరిగెడుతుంటే అక్కడ మగవాళ్ళు నిలబడకూడదని ఆర్డరు కూడా వేశాను. ఒక్క సూర్యకాంతమ్మగారే ఉన్నారు."

చాదంటే అనంతపద్మనాభానికి తెలుసు. అతని చెల్లెళ్ళందరికీ వాళ్ళమ్మ పెట్టేది. సగ్గుబియ్యం మాడ్చి చేసే నల్లటి జిగురు. ఎండితే చెమటకి ఊడదు. గోరు పెట్టి గీకాలి.

పొద్దుట ఏడు గంటల పదమూడు నిమిషాలకి సన్యాసమ్మ అందరికన్నా ముందు గ్రౌండులోకి వచ్చింది. నుదుటి మీద బొట్టు లేదు. మూర్తి మైకు పుచ్చుకుని ఆపమన్నాడు. తనే కారేసుకుని ఐదో రాయికి వెళ్ళి అడిగి వచ్చాడు. ఏడో నెంబరుకి బొట్టు పెట్టలేదని సూర్యకాంతమ్మ చెప్పింది. అంతే. సన్యాసమ్మని తీసేశారు. జనం ఈలలు వేశారు. ఎవరో చెరుకు పిప్పి విసిరారు. రెండోదిగా వచ్చిన అమ్మాయి ఫస్టయింది.

"ఆ రెండో అమ్మాయి ఎవరు?"

"లక్ష్మీసుందరి. విశాఖపట్నంలో పీయూసీ చదువుతోంది." మూర్తి గొంతు సవరించుకున్నాడు. "మా మేనకోడలే."

* * *

స్టేషన్ వరండాలో సన్యాసమ్మ గోడకి ఆనుకుని కూచుంది. పందొమ్మిదేళ్ళుంటాయి. చామనఛాయ. సన్నటి, గట్టి కాళ్ళు. జుట్టులో ఇంకా చెరుకు పిప్పి ఉంది. పక్కన తల్లి నరసమ్మ, విప్పి పడేసిన మూటని మళ్ళీ కడుతోంది. ఒక చీర, ఒక జాకెట్టు, చోడి అంబలి తెచ్చుకున్న సత్తు గిన్నె. మూడుసార్లు వెతకడానికి ఆ మూటలో ఏముందో అతనికి అర్థం కాలేదు.

"కప్పు తీశావా?"

"నేదు బాబూ."

"పొద్దుట ఎందుకరిచావు?"

"నాది కాబట్టి అరిసేను. అందరికన్నా ముందొచ్చేను. ఎనక్కి తిరిగి సూస్తే ఒక్క పిల్లా కనబడనేదు."

"రాయి దాకా వెళ్ళావా?"

"ఎల్లేను."

"బొట్టు పెట్టారా?"

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పెట్టేరు బాబూ. సెమటకి కారిపోనాది."

"చాదు చెమటకి కారిపోతుందా?"

సన్యాసమ్మ తల వంచుకుంది. నరసమ్మ గబుక్కున లేచి అతని కాళ్ళ దగ్గర కూలబడింది.

"బాబూ, బాబూ! అదొక్కటీ అడక్కండి. కావలిస్తే దొంగతనం కేసు రాసుకోండి. బొట్టు మాటెత్తకండి బాబూ."

అనంతపద్మనాభం రెండడుగులు వెనక్కి వేశాడు. పదకొండేళ్ళ సర్వీసులో కేసు వద్దని కాళ్ళు పట్టుకున్నవాళ్ళనే చూశాడు. కేసు రాసుకోమని పట్టుకున్న తల్లిని ఇప్పుడే చూడటం.

"కేసు రాస్తే ఏమవుతుందో తెలుసా?"

తెలుసని సన్యాసమ్మే చెప్పింది. ఫస్టు వచ్చిన పిల్లని హైదరాబాదులో రాష్ట్రం పోటీలకి పంపుతారు. అక్కడ పరిగెడితే విశాఖపట్నంలో ఒక కంపెనీవాళ్ళు స్పోర్ట్సు కోటాలో ఉద్యోగం ఇస్తామన్నారు. హాస్టల్లో మంచం కూడా ఇస్తారట. దొంగకి ఇవ్వరు. మోసగత్తెకీ ఇవ్వరు.

"ఎవలూ మమ్మల్ని ఎరగని సోటు బాబూ అది," అంది నరసమ్మ. అని నాలిక కరుచుకుంది.

అతను కూతురి కాళ్ళ వైపు చూశాడు. బూట్లు లేవు. అరికాళ్ళు రెండూ నల్లగా ఉన్నాయి. వంగి వేలితో ముట్టుకున్నాడు. తారు. పచ్చి తారు.

"ఇదెక్కడ అంటింది?"

"రోడ్డు మీద."

రోడ్డంతా ఎప్పుడో వేసిన తారు. ఎండిన తారు కాలికి అంటదు.

వెళ్ళినట్టు కాళ్ళు చెబుతున్నాయి. వెళ్ళలేదని నుదురు చెబుతోంది. అమ్మాయి అబద్ధం ఆడుతోంది. కాని ఆ అబద్ధం కప్పు గురించి కాదు.

* * *

హెడ్మాస్టరు గదిలో మిగతా అమ్మాయిలు ఉన్నారు. తొమ్మిది మంది. నుదుటి మీద నల్లచుక్కలు. ఎనిమిది చుక్కలు.

చుక్క లేని అమ్మాయి ఖమర్ జహాన్. మూడోదిగా వచ్చింది. వాళ్ళ నాన్న బుడాన్ సాహెబ్‌ది అనకాపల్లిలో సైకిలు షాపు.

"నీకు బొట్టు లేదేం?" అన్నాడు ఎస్.ఐ.

"సాయిబుల పిల్లకి బొట్టేవిటండీ," అని మూర్తి నవ్వేశాడు. "ఆ అమ్మాయి వెళ్ళొచ్చింది. సూర్యకాంతమ్మగారిని కనుక్కున్నాను."

ఖమర్ జహాన్ ఏదో అనబోయింది. మూర్తి నవ్వు చూసి ఊరుకుంది. కుడిచేతి మణికట్టు మీద నల్లటి మరక ఉంది. కానిస్టేబులు పరదేశి అది చూసి, "సైకిలు గ్రీజు సార్. ఎంత కడిగినా పోదు," అన్నాడు. అనంతపద్మనాభం తలాడించి ముందుకి వెళ్ళిపోయాడు.

ఆ తలాడింపు తలుచుకుని ఆ సాయంత్రమే అతనికి సిగ్గేసింది.

"నీ సామాను వెతికారా?" అని అడిగాడు ఆ అమ్మాయిని.

"రెండుసార్లండి. టిఫిను డబ్బా తెరిపించేరు. నాన్న నమాజు చాప కూడా దులిపేరు."

"అందరి సామానూ వెతికారా?"

"అందరిదీ వెతికేం సార్," అన్నాడు పరదేశి.

లక్ష్మీసుందరి కిటికీ దగ్గర నిలబడి ఉంది. పొడుగ్గా, తెల్లగా ఉంది. తెల్ల కేన్వాసు బూట్లు. భుజానికి నీలం రంగు ఎయిర్ బ్యాగు. నుదుటి మీద చుక్క చుట్టూ చర్మం ఎర్రగా కమిలిపోయింది. గోటితో ఇంకా గీకుతూనే ఉంది.

"ఎందుకలా గీకుతున్నావు?"

"దురదగా ఉందండి."

"వెళ్ళేటప్పుడు సన్యాసమ్మ నీకెంత ముందుంది?"

"ఒక ఫర్లాంగు ఉంటుందేమో."

"రాయి దగ్గర ఆమెని చూశావా?"

ఆ అమ్మాయి నోరు తెరిచింది. మూర్తి అందుకున్నాడు.

"వెళ్తే కదండీ కనిపించడానికి?"

"నేను మిమ్మల్ని అడగలేదు."

"చూడలేదండి," అంది లక్ష్మీసుందరి. నేలకేసి చూసి చెప్పింది.

మూర్తి ఎస్.ఐ.ని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. మెడిసిన్ సీటుకి స్పోర్ట్సు కోటా ఉందట. రాష్ట్రం పోటీల సర్టిఫికెట్టు ఉంటే సీటు గ్యారంటీట. పరువుగల కుటుంబమట. పిల్లని ఎక్కువ ప్రశ్నలు వెయ్యొద్దట.

అనంతపద్మనాభం జీపెక్కాడు.

* * *

నాలుగు గంటలకి ఐదో రాయి దగ్గర దిగాడు.

రాయి పక్కనే రోడ్డు మీద గుంట పూడ్చారు. తారు పోశారు. ఇసక ఇంకా జల్లలేదు. ముందురోజు సాయంత్రం పోసి, మిగతా పని సోమవారానికి వదిలేశారట. రేసుకి వచ్చిన పిల్లలందరూ దాన్ని తొక్కే తిరిగారు. బూట్ల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

అక్కడే పెంకుటిల్లు. అరుగు మీద సూర్యకాంతం కూచుని ఉంది. మొహం నిండా పసుపు. రూపాయి కాసంత బొట్టు. కూచోమంది. కాఫీ పెట్టించమంటారా అని అడిగింది.

"ఏడో నెంబరు అమ్మాయికి బొట్టు పెట్టారా?"

"లేదండీ. మూర్తిగారు అడిగితే అదే చెప్పేను."

"కచ్చితంగా?"

"అబద్ధం చెప్పవలసిన ఖర్మ నాకేవిటండీ?"

నిజమే చెబుతోంది. కళ్ళలో బెదురు లేదు. అనంతపద్మనాభం లేచాడు. జీపు దాకా వెళ్ళి, ఎక్కబోతూ, మళ్ళీ ఆ తారు వైపు చూశాడు.

బూట్ల గుర్తులకి అవతల, అరుగుకి దగ్గరగా, రెండు పాదాలు ఉన్నాయి. వట్టి పాదాలు. ఐదేసి వేళ్ళు స్పష్టంగా పడ్డాయి. రెండూ పక్కపక్కనే. మడమలు లోతుగా దిగి ఉన్నాయి.

పరిగెత్తే మనిషి ముందు వేళ్ళ మీద పరిగెడుతుంది. ఒక పాదం ఇక్కడ పడితే రెండోది గజం అవతల పడుతుంది. ఇది పరిగెత్తిన అడుగు కాదు. నిలబడిన అడుగు. అరుగు వైపు తిరిగి, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి, ఎవరో కాసేపు నిలబడ్డారు.

రేసులో అందరికన్నా ముందున్న మనిషి ఎందుకు నిలబడుతుంది?

అప్పుడు అతనికి ఖమర్ జహాన్ మణికట్టు గుర్తొచ్చింది. రేసుకని స్నానం చేసి, తలకి నూనె రాసుకుని వచ్చిన పిల్ల. చేతికి గ్రీజు పూసుకుని ఎందుకొస్తుంది?

వెనక్కి వెళ్ళి సూర్యకాంతాన్ని రెండో ప్రశ్న అడిగాడు. మూర్తి అడగని ప్రశ్న.

ఆవిడ తడుముకోకుండా జవాబు చెప్పింది. మూడో ప్రశ్న అడిగాడు. దానికీ చెప్పింది. దాచుకోవలసిన విషయం ఏదీ అందులో లేనట్టు, ధాన్యం ధర చెప్పినట్టు చెప్పింది.

"చాదు భరిణె పట్టుకుని జీపెక్కండమ్మా," అన్నాడు.

* * *

ఐదు గంటలు. హెడ్మాస్టరు గది తలుపు వేయించాడు. లోపల మూర్తి, లక్ష్మీసుందరి, ఖమర్ జహాన్, సూర్యకాంతం. స్టేషన్ నుంచి సన్యాసమ్మనీ నరసమ్మనీ తెప్పించాడు. తలుపు దగ్గర పరదేశి. బయట స్టేజి మీద మైకువాడు హలో హలో అంటున్నాడు.

"తొందరగా కానివ్వండి. ఆర్డీవోగారు బయల్దేరారట," అన్నాడు మూర్తి.

"తొందరగానే అవుతుంది. సూర్యకాంతమ్మగారూ, పొద్దుట మూర్తిగారు మిమ్మల్ని ఏమడిగారు?"

"ఏడో నెంబరుకి బొట్టు పెట్టేరా అన్నారు. లేదన్నాను."

"ఆ అమ్మాయి వచ్చిందా, రాలేదా అని అడిగారా?"

"అడగలేదు."

"నేను అడుగుతున్నాను. వచ్చిందా?"

"వచ్చింది," అంది సూర్యకాంతం. "అందరికన్నా ముందొచ్చింది. నా ఎదురుగా నిలబడి మొహం ముందుకి పెట్టింది."

నరసమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"మరి ఎందుకు పెట్టలేదు?"

"ఎలా పెడతానండీ? మొగుడు పోయిన పిల్లకి బొట్టు పెడతామా? నా పసుపుకుంకాలు నేను చూసుకోవద్దూ? పళ్ళెం వెనక్కి తీసేసేను. కాసేపు నిలబడింది. వెళ్ళిపోయింది."

"మొగుడు పోయిందని మీకెలా తెలుసు? చీడికాడ పిల్ల. మీరెప్పుడూ చూడలేదు."

"మూర్తిగారే చెప్పేరు. ముందురోజు చాదు ఇవ్వడానికి వచ్చి ఇద్దరి గురించి చెప్పి వెళ్ళేరు. ఒకర్తి సాయిబుల పిల్లమ్మా, నుదుటి మీద వద్దు, చేతి మీద పెట్టండి అన్నారు. ఇంకొకర్తి ఏడో నెంబరు, పసితనంలోనే ముండమోసింది అన్నారు."

"ఏడో నెంబరుకి ఎక్కడ పెట్టమన్నారు?"

"ఎక్కడా చెప్పలేదు. మీకు తెలీనిదేముందమ్మా అన్నారు."

ఖమర్ జహాన్ నెమ్మదిగా కుడిచెయ్యి ముందుకి చాపింది. మణికట్టు మీద నల్లటి చుక్క. గుండ్రంగా, తీరుగా ఉంది.

"నన్నెవరూ అడగలేదండి," అంది.

"అడగలేదు," అన్నాడు అనంతపద్మనాభం. "సైకిలు షాపు పిల్ల కాబట్టి గ్రీజే అనుకున్నాం. నేనూ అనుకున్నాను. మూర్తిగారూ, ఒక పిల్లకి నుదురు కుదరకపోతే చెయ్యి ఉందని మీకు తెలుసు. ముందే ఆలోచించి ఏర్పాటు చేశారు. రెండో పిల్లకి మాత్రం చెయ్యి గుర్తు రాలేదు. రిబ్బన్లు మానిపించింది మీరు. బొట్టు పెట్టించింది మీరు. అక్కడ ఇంకో మనిషి లేకుండా చేసింది మీరు. మళ్ళీ వెళ్ళి, ఏది అడిగితే పని జరుగుతుందో అదొక్కటే అడిగొచ్చిందీ మీరు. ఈమె వితంతువని ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. మీకెలా తెలిసింది?"

జవాబు సన్యాసమ్మ చెప్పింది.

"మా అత్తోరి ప్లీడరు ఈ బాబే. నా మొగుడి వాటా భూమి నాకు రాకండా దావా నడిపేరు. నన్ను కోర్టులో సూసేరు."

అనంతపద్మనాభం మూర్తి మొహంలోకి చూశాడు. చిరునవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ నవ్వు చూస్తుంటే ఒళ్ళంతా కంపరమెత్తింది. కుళ్ళిన చేప బుట్ట ముందు నిలబడితే ముక్కైనా మూసుకోవచ్చు.

"బాగుందండీ. మరి కప్పు?" అన్నాడు మూర్తి.

"వస్తున్నాను. పరదేశీ, అందరి సామానూ వెతికామన్నావు. లక్ష్మీసుందరి బ్యాగు వెతికావా?"

పరదేశి నీళ్ళు నమిలాడు. "అది... మూర్తిగారి మేనకోడలు కదా సార్."

"అమ్మా, నువ్వే తియ్యి."

లక్ష్మీసుందరి బ్యాగు జిప్పు లాగింది. తువ్వాలు విప్పి, కప్పు తీసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది.

"సుందరీ!" మూర్తి లేచిపోయాడు.

"ఇది నాది కాదు మావయ్యా. ఆవిడ పళ్ళెం వెనక్కి దాచడం నేను చూశాను. మలుపు తిరగ్గానే కనిపించింది. ఈ అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది. కప్పు లేకపోతే నాకివ్వడానికి ఉండదు కదా అని..."

"అని దాచావు. నీ బదులు ఆమెని స్టేషన్లో కూచోబెట్టారు. రెండు గంటలు. అప్పుడైనా నోరు విప్పావా?" అన్నాడు అనంతపద్మనాభం.

ఆ అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. అతనికి జాలి కలగలేదు. ఈ గదిలో జాలి పడవలసిన మనిషి ఏడవడం లేదు.

మూర్తి కుర్చీలో మళ్ళీ కూచున్నాడు. కండువా సర్దుకున్నాడు.

"సరే. పిల్ల కప్పు దాచింది, తిరిగి ఇచ్చింది. కేసు లేదు. ఇక నేను. ఏ సెక్షను కింద పట్టుకుంటారు ఎస్సైగారూ?"

దారి పొడుగునా జీపులో అనంతపద్మనాభం అదే ఆలోచించాడు. ఇండియన్ పీనల్ కోడ్ అంతా తిరగేసినా దీనికి సెక్షను లేదు. ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ కొట్టలేదు. బొట్టు గురించి అబద్ధం కూడా ఎవరూ ఆడలేదు, ఆడింది ఆ పిల్ల ఒక్కతే.

"లేదు కదా? అయితే రెండో సంగతి. అనౌన్సు చేసేది నేను. ఏడో నెంబరే గెలిచిందని చెబుతాను, నాకేం? బొట్టేదీ అని జనం అడుగుతారు. కారణం చెప్పాలి. చెప్పనా? ఏమ్మా, నువ్వు చెప్పు. ఆ కంపెనీ హాస్టల్లో, ఎవరూ నిన్నెరగని చోట, పొద్దున్నే లేచి నీ మొహం చూడటానికి ఎంతమంది ఒప్పుకుంటారో కనుక్కున్నావా?"

నరసమ్మ రెండు చేతులూ జోడించింది. "వద్దు బాబూ. కప్పొద్దు, ఏటీ వద్దు. ఇంటికి పోతాం."

బయట కారు హారను మోగింది. ఆర్డీవో వచ్చాడు.

"నానే సెప్తాను," అంది సన్యాసమ్మ.

అందరూ అటు తిరిగారు.

"ఒసే, నోర్ముయ్యే," అంది తల్లి.

"ఎందుకే? దొంగంటే ఊరుకున్నావు. మోసగత్తంటే ఊరుకున్నావు. ఈ మాటకే ఎందుకే భయం? నానేటి సేసేను? ఆడు సచ్చిపోనప్పుడు నాకు పదేళ్ళు. ఆడి మొకం కూడా గేపకం నేదు."

సూర్యకాంతం ఇబ్బందిగా కదిలింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అదే అనంతపద్మనాభానికి మరీ రోతగా ఉంది. ఆవిడ భరిణె మూత తీసింది.

"రూలంటున్నారు కదా. చేతి మీదైతే పెడతాను, రా అమ్మా. అప్పుడు నాకు తోచలేదు."

సన్యాసమ్మ ఆ భరిణె వైపు చూసింది. ఖమర్ జహాన్ మణికట్టు వైపు చూసింది. తర్వాత చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మా. మీ సాదు మీ కాడే ఉంచుకోండి. ఐదో రాయి నా కాళ్ళకే ఉంది."

* * *

స్టేజి మెట్ల దగ్గర్నించి బల్ల దాకా ఆర్డీవోగారి కోసం తెల్లదుప్పట్లు పరిచారు. గ్రౌండు నిండా జనం. పొద్దుట ఈలలు వేసినవాళ్ళే.

సన్యాసమ్మ మెట్లెక్కింది. ఎండకి అరికాళ్ళ తారు మెత్తబడి ఉంది. తెల్లదుప్పటి మీద ఒక్కొక్క అడుగూ నల్లగా పడింది. ఆర్డీవో ఆశ్చర్యంగా చూస్తున్నాడు. మూర్తి మైకు దగ్గరికి వెళ్ళబోయాడు. అనంతపద్మనాభం అడ్డంగా నిలబడ్డాడు.

మైకు ఆ అమ్మాయి నోటికి అందనంత ఎత్తులో ఉంది. మునివేళ్ళ మీద లేచింది.

"నా పేరు సన్యాసమ్మ. మాది చీడికాడ. నా మొగుడు పోనాడు. అందుకని ఐదో రాయి కాడ నాకు బొట్టు పెట్టనేదు. రాయి కాడికి ఎల్లేను. అందరికన్నా ముందొచ్చేను."

అంతే చెప్పింది.

ఎవరో మొహం తిప్పుకున్నారు. ముందువరసలో ఒకావిడ తన పిల్లని దగ్గరికి లాక్కుంది. అప్పుడు స్టేజి కింద ఖమర్ జహాన్ చప్పట్లు కొట్టింది. ఒక్కతే కొట్టింది. కాసేపు ఆ ఒక్క చప్పుడే వినిపించింది. తర్వాత ఆర్డీవో కొట్టాడు.

ఆర్డీవో కొట్టాక అందరూ కొట్టారు. ఈలలు కూడా వేశారు, మెచ్చుకుంటూ. ముందువరసలో ఆవిడా కొట్టింది. అందరికన్నా గట్టిగా మూర్తి కొట్టాడు. ఆ చప్పట్లు పొద్దుటి చెరుకు పిప్పికన్నా అసహ్యంగా ఉన్నాయనిపించింది అనంతపద్మనాభానికి.

సన్యాసమ్మ కప్పు తీసుకుంది. ఎత్తి చూపించలేదు. చంకలో పెట్టుకుని, వచ్చిన అడుగుల మీదుగానే దిగి తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

"పరదేశీ, కిరసనాయిలు తెచ్చి ఆ పిల్ల కాళ్ళు కడుక్కోమని ఇవ్వు," అన్నాడు ఎస్.ఐ.

పరదేశి వెళ్ళి తిరిగొచ్చాడు. సీసా అలాగే ఉంది. "ఒద్దంది సార్. ఐద్రాబాదు ఎల్లేదాకా ఉండనీమంది."

తరవాతి బహుమతి లక్ష్మీసుందరిది. మూర్తి చేత్తో సైగ చేశాడు. ఇద్దరు మనుషులు ఆ మరకల దుప్పటి తీసేసి కొత్తది పరవడానికి గబగబా వంగారు.

అనంతపద్మనాభం లాఠీ దుప్పటి మీద ఆనించాడు.

"ఎవరూ ముట్టుకోకండి. ఇది ఎవిడెన్సు."

"ఏ కేసులో ఎస్సైగారూ?" అన్నాడు మూర్తి. నవ్వుతూనే అన్నాడు.

"కేసు లేదు మూర్తిగారూ. అందుకే ఉంచమంటున్నాను."